బ్యాక్‌ప్లేట్, వింగ్ కొందామనుకుంటున్న – పొట్టిగ, సన్నగ ఉన్నోళ్లకు ఏ సెటప్ సుఖంగ ఉంటది?

నీలగిరి_నీటిపిట్ట
స్కూబా డైవింగ్‌కు అండమాన్ పోయినప్పుడల్లా అక్కడ కిరాయికిచ్చే జాకెట్ బీసీడీతోనే (సిలిండర్ మోస్తది, గాలి నింపితే తేలుస్తది) దిగుతున్న. ప్రతిసారి ఒకటే లొల్లి. నీళ్ల మీద గాలి నింపితే జాకెట్ మొత్తం లేసి చెవుల దాక వస్తది, పక్కటెముకలు పిసికినట్టయితది, ఊపిరి నిండ ఆడదు. కిందికి దిగినంక సిలిండర్ అటు ఇటు దొర్లుతది, నేను ఒక పక్కకు ఒరిగితే అది నన్ను ఇంకింత గుంజుతది. రెండో డైవ్ అయ్యి పడవ ఎక్కేసరికి నడుము పట్టేస్తది. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు, భుజాలు సన్నం. ఉన్నవాటిల్ల చిన్న సైజే ఇస్తున్నరు, అయినా గట్లనే ఉంటున్నది. ఈసారి సొంతంగ బ్యాక్‌ప్లేట్ (వీపుకు కట్టుకునే లోహపు పలక), వింగ్ (దాని వెనక తగిలించే గాలి సంచి) తీసుకుందామని చూస్తున్న. స్టీల్ ప్లేట్ తీసుకోవాల్నా, అల్యూమినియందా? వింగ్ ఎన్ని కిలోలు లేపేది కావాలె? మెత్త పెట్టిన పట్టీలు మంచిగుంటయా, ఉత్త నైలాన్ పట్టీయా? శంషాబాద్‌ల ఎక్కేటప్పుడు పదిహేను కిలోల లగేజీల ఇదంతా పడ్తదా? వాడుతున్నోళ్లు చెప్పుండ్రి, అమ్మేటోళ్ల మాట ఇప్పటికే మస్తు విన్న.

హుజూర్‌నగర్_హరి
ఈ ముచ్చట నాకు కూడ కావాలె. వచ్చే చలికాలం కోర్సు చేయబోతున్న. తెలిసినోళ్లంత రాండ్రి.

దేవరకొండ_రాయుడు
చిన్న సైజు అని ఇచ్చింది నిజంగ చిన్నదేనా చూసినవా చెల్లె? కిరాయి షాపులల్ల మగోళ్ల సైజులే ఎక్కువుంటయి, అందుల చిన్నదన్నా నీకు వదులే అయితది. జాకెట్ తప్పు కాదది, సైజు తప్పు. నాకైతే జాకెటే సుఖం, నీళ్ల మీద కుర్చీల కూసున్నట్టు ఉంటది, తల పైనే ఉంటది. ప్లేటూ వింగూ గుహలల్లకు పోయెటోళ్ల సామాను, పద్దెనిమిది మీటర్లు దిగి చేపలు చూసొచ్చే మనకెందుకు?

పాలమూరు_మస్కట్
రాయుడన్నా, అది గుహలోళ్ల దగ్గర పుట్టిన మాట నిజమే. ఫ్లోరిడాల నీళ్ల గుహలల్ల తిరిగే విలియమ్ హోగార్త్ మెయిన్ అనే ఆయన పద్ధతే ఇది, అందుకే ఆ పట్టీల అమరికను ఇప్పటికీ హోగార్తియన్ అంటరు. కాని గుహల పనికొచ్చింది బయట పనికి రాదంటే ఎట్ల? నేను మస్కట్‌ల పనిచేస్త, సెలవు దొరికితే దైమానియత్ దీవులకు పోత, రెండేండ్ల నుంచి ప్లేట్ మీదనే దిగుతున్న.

చెల్లె చెప్పిన మూడు బాధలకు మూడు కారణాలున్నయి, ఒక్కొక్కటి చెప్త. జాకెట్ల గాలి సంచి నీ పొట్ట చుట్టూ, చంకల కింద ఉంటది, అది ఉబ్బితే లోపల ఉన్నది నువ్వే కాబట్టి నిన్నే పిసుకుతది. వింగ్ల సంచి మొత్తం వెనక సిలిండర్ పక్కల ఉంటది, ఎంత నింపినా ఛాతీ మీద ఒత్తిడి రాదు. జాకెట్ పైకి లేచుడు ఎందుకంటే కిందికెంచి పట్టుకునేది ఏం లేదు, నడుం బెల్ట్ ఒక్కటే. ప్లేట్‌కు కాళ్ల మధ్యలకెంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ ఉంటది, అది ఉన్నంక పైకి లేసుడు అనేదే ఉండదు. ఇగ సిలిండర్ దొర్లుడు. చాన జాకెట్లకు ఒక్కటే బెల్ట్, దాని వెనక మెత్తటి బట్ట. ప్లేట్ గట్టి లోహం, దానికి రెండు బెల్టులు, సిలిండర్ నీ వెన్నుకు అతికినట్టు కూసుంటది.

మెత్తలు వద్దు. మెత్త అంటే నురగ, నురగ తేలుతది, అది తేలకుండ మళ్ల సీసం కట్టుకోవాలె. నీళ్లల్లకు దిగినంక భుజం మీద బరువే ఉండదు, మెత్త ఎవరికోసం? పడవ మీద ఆ ఐదు నిమిషాలకే. రెండించుల వెడల్పు గట్టి నైలాన్ పట్టీ, ఒకటే ముక్క, ఎడమ నడుము నుంచి ఎడమ భుజం, అక్కడికెంచి ప్లేట్ మీదికి, మళ్ల కుడి భుజం, కుడి నడుము. గంతే. తెగే కుట్లు లెవ్వు, ఇరిగే ప్లాస్టిక్ లేదు.

దేవరకొండ_రాయుడు
నీళ్ల మీద మొహం ముందటికి తోస్తది కదా వింగ్? దాని సంగతి చెప్పలే నువ్వు.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
నేను హావ్‌లాక్‌ల నేర్పిస్త (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నరు గాని పడవలోళ్లు ఇంకా హావ్‌లాక్ అనే అంటరు). రోజూ రెండు రకాలు చూస్త కాబట్టి ఇద్దరి మాటల్ల ఉన్న నిజం చెప్త.

వింగ్ ముందటికి తోసుడు ఉన్నది, కాని అది ఎక్కువయ్యేది రెండు సందర్భాలల్ల. ఒకటి, అవసరానికి మించిన సీసం కట్టుకొని దాన్ని మోయడానికి వింగ్ నిండ గాలి కొట్టినప్పుడు. రెండు, బరువంత వెనక సిలిండర్ మీదనే పెట్టినప్పుడు. పైకి వచ్చినంక తల నీళ్ల పైన ఉండే మందం గాలి చాలు, కొంచెం వెనక్కి ఒరిగి పండుకున్నట్టు తేలితే వింగే నిన్ను మోస్తది. నిలువుగ నిలబడాలని చూస్తే తోస్తది.

ఇప్పుడు అసలు సంగతి. నీటిపిట్టా, నడుము నొప్పి జాకెట్‌తోనే వచ్చిందని ముందే ఒప్పుకోకు. నీకు బెల్ట్‌కు ఎన్ని కిలోల సీసం ఇస్తున్నరు? సీసమంత నడుం దగ్గర, గాలి అంత ఛాతీ దగ్గర ఉంటే కాళ్లు కిందికి జారుతయి, ముందుకు పోవాలంటే నడుము వెనక్కి వంచి మెడ లేపి తన్నుతవు. ముప్పావు గంట గట్లనే ఉంటే ఎవరి నడుమైనా పట్టేస్తది. కొత్త సామాను కొని మళ్ల అదే బరువు అక్కడే కట్టుకుంటే నొప్పి కూడ నీ ఎంటే వస్తది.

నీలగిరి_నీటిపిట్ట
ఆరు కిలోలు ఇస్తున్నరు అన్నా. ఏసుకునేది మూడు మిల్లీమీటర్ల మందం ఫుల్ సూట్, నురగ రబ్బరుది. నాలుగు చాలదా అంటే "దిగలేవు" అన్నరు.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
52 కిలోల మనిషికి మూడు మిల్లీమీటర్ల సూట్ మీద ఆరు కిలోలు ఎక్కువ. కొత్తోళ్లు ఊపిరి నిండ పీల్చి పట్టుకుంటరు, దాంతోని కిందికి పోరు, అందుకే సీసం ఎక్కువ కట్టి ముంచుతరు. అది తొందరకు చేసే పని. లెక్క ఇట్ల చూడు.

మన దగ్గర అంతటా దొరికేది 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్. నిండుగ 207 బార్ల ఒత్తిడి మీద అది సముద్రంల ముప్పావు కిలో దాక మునుగుతది, ఖాళీ అయితే దాదాపు రెండు కిలోలు తేలుతది. మధ్యల పోయింది గాలి బరువే, రెండున్నర కిలోల పైన. డైవ్ చివర 50 బార్ల దగ్గర కిలో మీద కొంచెం తేలుతది. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికిచ్చేది) దాదాపు ఒక కిలో ముంచుతది. అంటే ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయినట్టే. మిగిలింది నీ సూట్, నీ ఒళ్లు. నీ సైజు సూట్ మహా అంటే రెండు కిలోలు లేపుతది. కిరాయి జాకెట్ మెత్తలు ఇంకో కిలో. ఆరు ఎక్కడికెంచి వచ్చింది?

ఈసారి పోయినప్పుడు, పైకి వచ్చేముందు ఐదు మీటర్ల దగ్గర ఆగే మూడు నిమిషాలల్ల, సిలిండర్ల 50 బార్లు ఉన్నప్పుడు, జాకెట్ల గాలి మొత్తం తీసెయ్. కిందికి జారితే ఎక్కువున్నట్టు, పైకి పోతే తక్కువున్నట్టు, మామూలు ఊపిరి మీద నిలబడితే సరి. ముందు ఈ పని చెయ్యి, ప్లేట్ తర్వాత కొను.

పాలమూరు_మస్కట్
ఇదే లెక్కను ముందటికి తీస్కపోతే ప్లేట్ ఏది కొనాల్నో తేలిపోతది. చెల్లెకు కావల్సింది రెండు, మూడు కిలోలు. స్టీల్ ప్లేట్ పట్టీలతో కలిపి రెండున్నర కిలోల పైనే ఉంటది. అంటే సీసం బెల్టే అక్కర పడకపోవచ్చు. నడుం మీద గుచ్చేది పోతది, బరువు వీపు పొడుగున పరుసుకుంటది, ఒళ్లు తనంతట తనే అడ్డంగ పండుకుంటది. నా ఓటు స్టీల్‌కు.

దేవరకొండ_రాయుడు
ఆపతొస్తే పడేయడానికి సీసమే లేకపోతే ఎట్ల? వింగ్ చినిగితే ఆ స్టీల్ ముక్కతోని పైకెట్ల వస్తది?

పాలమూరు_మస్కట్
నిండు సిలిండర్‌తో, పూర్తి లోతుల, సూట్ నలిగి ఉన్నప్పుడు కూడ ఎంత మునుగుతదో లెక్క కట్టు. గాలి బరువు రెండున్నర, నలిగిన సూట్ పోగొట్టుకునే తేలిక ఒకటిన్నర, కలిపితే నాలుగు కిలోలు. ఫిన్లతోని (కాళ్లకు తొడిగే రెక్కలు) తన్నుకుంట అంత పైకి తేవచ్చు. ఆరు కిలోల సీసం అదనంగ కట్టుకున్న మనిషికే కష్టం.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
ఇక్కడ నేను రాయుడు దిక్కు కొంచెం ఒరుగుత. నాలుగు కిలోలు తన్నుకుంట రావడం నీకు తేలిక, 52 కిలోల ఆమెకు పద్దెనిమిది మీటర్ల నుంచి అంత తేలిక కాదు. రావచ్చు, కాని స్విమ్మింగ్ పూల్ల చేసి చూసుకోకుండ సముద్రంల నమ్ముకోవద్దు. అల్యూమినియం ప్లేట్ కిలో లోపే ఉంటది, దానికి రెండు కిలోల సీసం విడిగ కట్టుకుంటే, అవసరమైతే అందుల ఒక కిలో పడేయొచ్చు, ఇంకో కిలో వెనక బెల్ట్‌కు ఉంటది. మొత్తం పడేస్తే రాకెట్ లెక్క పైకి పోతది, అదింకో ఆపద.

ఇంకొకటి, స్టీల్ సిలిండర్లు ఇచ్చే చోట్లకు పోతే స్టీల్ ప్లేట్ మీద స్టీల్ సిలిండర్ ఈమెకు చాన బరువు. చాన స్టీల్ సిలిండర్లు ఖాళీ అయినా అల్యూమినియందాని లెక్క తేలవు.

కొల్లాపూర్_కృష్ణ
మంచినీళ్లల్ల ఏం మారుతది? మాది కొల్లాపూర్ దగ్గర, సోమశిల దిక్కు. చిన్నప్పటి నుంచి కృష్ణల ఈత కొట్టినోళ్లమే. సిలిండర్ ఏసుకొని శ్రీశైలం బ్యాక్‌వాటర్ల దిగితే ఎట్లుంటదని మా దోస్తులు అడుగుతరు. ప్రాజెక్టు నీళ్లల్ల మునిగిన ఊర్లున్నయి కదా.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
కృష్ణా, మంచినీళ్లకంటె సముద్రపు నీళ్లు రెండున్నర శాతం బరువు. మనిషి, సామాను కలిపి 80 కిలోలనుకుంటె రెండు కిలోలు తక్కువ సీసం చాలు. అందుకే పూల్ల సరిపోయిన బరువు సముద్రంల సరిపోదు, ఇది నీటిపిట్ట కూడ గుర్తు పెట్టుకోవాలె.

బ్యాక్‌వాటర్ల మాత్రం సొంతంగ దిగొద్దు, ఇది గట్టిగ చెప్తున్న. ఒండ్రు నీళ్లు, చెయ్యి ముందట పెడితే కనబడదు, చేపల వలలు, మునిగిన చెట్ల మొద్దులు, ముండ్ల కంపలు ఉంటయి. పైకి పోయే తొవ్వ మీద వల అడ్డం పడితే ఏ ప్లేటూ కాపాడదు. పర్మిషన్ సంగతి వేరే.

కొల్లాపూర్_కృష్ణ
వలల సంగతి నాకంటె ఎవరికి తెలుసు అన్నా, ఆ వలలు ఏసేటోళ్లంత మా ఊరోళ్లే. సరే, అడిగినోళ్లకు ఇదే చెప్త.

బల్మూరు_పెద్దాయన
నా వయసు 58. కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అందరు ఒకటే ముక్క పట్టీ అంటున్నరు గాని దాంట్లకు చెయ్యి దూర్చుడు, తీసుడు నాలాంటోళ్లకు ఎంత కష్టమో చెప్పేటోళ్లు లేరు. చెయ్యి వెనక్కి మలవాలె, మోచెయ్యి మడిచి పట్టీల కెంచి గుంజాలె. భుజం కలుక్కుమంటది. నేను ఛాతీ దగ్గర బకిల్ ఉన్న హార్నెస్ తీసుకున్న. ఒక్క పక్కకే, కుడి భుజానికి. నొక్కితే ఊడుతది, చెయ్యి కదపకుండనే బయటికొస్త. అది ఇరుగుతదని భయపెడ్తరు, స్టెయిన్‌లెస్ బకిల్ తీసుకున్న, ప్లాస్టిక్‌ది కాదు. ప్రతిసారి దిగే ముందు గుంజి చూస్త.

పాలమూరు_మస్కట్
పెద్దాయనా, మీది న్యాయమైన కారణం. భుజం బాగున్నోళ్లకు మాత్రం నేను చెప్పిందే చెప్త. పట్టీ వదులుగ పెట్టుకుంటే చెయ్యి తేలిగ్గనే దూరుతది. చాన మంది గట్టిగ గుంజి కట్టుకొని, తర్వాత చేతులు రావట్లేదని తిడ్తరు.

బల్మూరు_పెద్దాయన
వదులు అంటే ఎంత వదులు? ఆ మాటే ఎవరూ సరిగ చెప్పరు.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
నేను పిల్లలకు చూపించే తీరు రాస్త, ఇది సుఖానికి అన్నిటికంటె ముఖ్యం. ప్లేట్ కంపెనీ కంటె ఇదే ముఖ్యం.

సూట్ వేసుకొని, సిలిండర్ లేకుండ ప్లేట్ ఒక్కటి ఏసుకో. ఇంట్ల బనీను మీద చేసిన కొలత సూట్ మీద పనికి రాదు. చెయ్యి పైకెత్తి మెడ వెనకకు పెడితే వేళ్లకు ప్లేట్ పై అంచు తగలాలె. తగలకపోతే ప్లేట్ కిందికున్నట్టు, భుజం పట్టీ పొడుగైంది, కొంచెం లోపలికి గుంజు. అంచు మెడకు రాసుకుంటే మరీ పైకున్నట్టు. ఛాతీ ముందు పట్టీ కింద చెయ్యి పరిచి దూర్చితే ఇబ్బంది లేకుండ పోవాలె. భుజం పట్టీలు బరువు మోసేటందుకు కాదు, ప్లేట్ పక్కకు జరగకుండ చూసేటందుకే. పట్టి ఉంచేది నడుం పట్టీ, క్రాచ్ స్ట్రాప్. నడుం పట్టీ బొడ్డు కింద, తుంటి ఎముకల మీద రావాలె, పొట్ట మీద కాదు. బకిల్ నడిమిట్ల కాకుండ కొంచెం కుడికి జరిపితే క్రాచ్ స్ట్రాప్ దానికింద చిక్కదు.

క్రాచ్ స్ట్రాప్ నిలబడి సరి చెయ్యొద్దు. నేల మీద బోర్లా పండుకొని, మెడ లేపి, మోకాళ్లు మడిచి, నీళ్లల్ల ఉన్నట్టే ఉండి చూసుకో. నిలబడ్డప్పుడు సరిపోయింది పండుకుంటే కోస్తది.

భుజాల మీద డీ-రింగులు ఎడమ చేత్తోని కుడిది, కుడి చేత్తోని ఎడమది చూడకుండనే అందేటట్టు పెట్టుకో. మరీ కిందికి పెడితే తగిలించిన లైటు పొట్ట కింద ఊగుతది. ఎడమ తుంటి మీద ఒక రింగు, ప్రెషర్ గేజ్ అక్కడ తగులుతది.

హుజూర్‌నగర్_హరి
బోర్లా పండుకొని చూసుకునుడు అన్నది చదివి ఇంట్ల తలుపు గొళ్లెం పెట్టుకోండ్రి. నా రూమ్మేట్ నిన్న కొత్త హార్నెస్ ఏసుకొని హాల్ల పండుకుంటే వాళ్లమ్మ వచ్చి డాక్టర్ను పిలవాల్నా అని అడిగింది.

నీలగిరి_నీటిపిట్ట
హరీ 😂 మా ఇంట్ల ఇంకా ఎక్కువయితది, నాయనమ్మ ఉన్నది.

ఇన్‌స్ట్రక్టర్ అన్నా, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంట. వింగ్ సైజు ఇంకా చెప్పలే ఎవరు. ఒక దుకాణాయన 20 కిలోలు లేపేది తీసుకో, ఎక్కువుంటే మంచిదే కదా అన్నడు.

పాలమూరు_మస్కట్
ఎక్కువుంటే మంచిది కాదు! వింగ్ రెండు పనులు చేయాలె. లోతుల నువ్వు పోగొట్టుకున్న తేలికను తిరిగియ్యాలె, నీళ్ల మీద ఒంటరిగ విడిచిన సెట్టును నిండు సిలిండర్‌తోని తేల్చాలె. పైన లెక్క ప్రకారం మొదటిదానికి నాలుగు కిలోలు. రెండోదానికి, స్టీల్ ప్లేట్ రెండున్నర, రెగ్యులేటర్ ఒకటి, నిండు సిలిండర్ ముప్పావు, అంటే నాలుగుం పావు, దానికి కట్టిన సీసం ఉంటే అదీ కలుపు. ఏ రకంగ చూసినా 11 నుంచి 13 కిలోలు లేపే చిన్న వింగ్ నీకు ఎక్కువే. 20 కిలోలది రెండు సిలిండర్లు జంటగ కట్టుకునేటోళ్లకు. ఒక్క సిలిండర్ మీద పెద్ద వింగ్ పెడితే అంచులు పైకి లేసి సిలిండర్‌ను చుట్టుకుంటయి, లోపల గాలి మూలలకు పోయి దాక్కుంటది, పైకి వచ్చేటప్పుడు వదులుదామంటే రాదు.

సూర్యాపేట_డైవ్
గుండ్రంగ ఉన్నది తీసుకోవాల్నా, గుర్రపు నాడా ఆకారందా?

పాలమూరు_మస్కట్
గుండ్రందే. కింద కూడ కలిసి ఉంటది కాబట్టి గాలి ఒక పక్కకెంచి ఇంకో పక్కకు తేలిగ్గ పోతది. నాడా ఆకారందాంట్ల ఒక పక్క గాలి ఇరుక్కుంటే ఒరిగిపోతవు, దాన్ని తీయాలంటే ఒళ్లు మలపాలె. నాడా వాడెటోళ్లు దానిది దానికే బాగుంటదంటరు, నేను గుండ్రందే చెప్త.

ఇంకొకటి, సిలిండర్ బెల్టులు ప్లేట్ కెంచి, వింగ్ కెంచి నేరుగ పోయే చీలికలున్న వింగ్ చూడు. అప్పుడు మధ్యల అడాప్టర్ ముక్క అక్కర లేదు, బరువు తగ్గుతది, సిలిండర్ వీపుకు దగ్గరకొస్తది. నీ లాంటి సన్నటి మనిషికి ఆ కొంచెం దగ్గరైతే దొర్లుడు ఇంకా తగ్గుతది.

మిర్యాలగూడ_లేత్
నాకు రైస్ మిల్లుల పార్టులు చేసే లేత్ షాపు ఉన్నది. ఫోటోలు చూసిన, ప్లేట్ అంటే ఒక షీట్, చీలికలు, రెండు మలుపులు, కొన్ని బెజ్జాలు, అంతే కదా? డ్రాయింగ్ ఇస్తె చేసిస్త. బయటి దేశం నుంచి తెప్పించి కస్టమ్స్ కట్టుడెందుకు?

పాలమూరు_మస్కట్
చేయొచ్చు భాయ్, బయట చాన మంది సొంతంగ చేసుకుంటరు. మూడు మిల్లీమీటర్ల షీట్ చాలు. నడిమిట్ల బోల్టుల బెజ్జాల మధ్య దూరం 11 ఇంచులు, అంటే 279 మిల్లీమీటర్లు, ఇది లోకమంతా ఒకటే కొలత. అది తప్పితే ఏ వింగూ కూసోదు. స్టెయిన్‌లెస్ స్టీల్ల 304 రకం వద్దు, 316 వాడు. 316ల మాలిబ్డినం ఉంటది, ఉప్పునీళ్లకు గుంతలు గుంతలుగ తినిపోకుండ అదే కాపాడుతది. మిల్లుల వాడే 304 సముద్రంల కొన్నాళ్లకు మచ్చలు పడ్తది.

మిర్యాలగూడ_లేత్
316 షీట్ హైదరాబాద్‌ల దొరుకుతది. కోతకు లేజర్‌కిస్త, మలుపు ప్రెస్ మీద. వెల్డింగ్ ఉండదు.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
చీలికల అంచులు చేత్తోని గుండ్రంగ రుద్దాలె భాయ్, లేజర్ అంచు కత్తి లెక్కుంటది, పట్టీని మెల్లగ కోసేస్తది. చేసినంక ఒక పాత నైలాన్ ముక్క చీలికలకెంచి మస్తుగ గుంజి చూడు, పోగులు లేస్తే ఇంకా రుద్దాలె. నడిమి మలుపు సిలిండర్ గాడి లోతుకు రావాలె, లోతు తక్కువైతే సిలిండర్ దొర్లుతది.

పట్టీ విషయంల కారు సీటు బెల్ట్ కొని కుట్టొద్దు. అది మెత్తగ ఉంటది, మెలి తిరుగుతది, రింగులు జారుతయి. డైవింగ్ హార్నెస్ పట్టీ బిర్రుగ నిలబడ్తది, చెయ్యి దూర్చేటప్పుడు తెరుచుకొనే ఉంటది. వింగ్ మాత్రం ఇంట్ల చేసే పని కాదు, కొనాల్సిందే.

నీలగిరి_నీటిపిట్ట
అందరి మాటలు పట్టుకొని పోయిన ఆదివారం హైదరాబాద్‌ల ఒక పూల్ల చూసొచ్చిన. ఒక అక్క తన సెట్ ఇచ్చింది, మామూలు సైజు స్టీల్ ప్లేట్, 13 కిలోల గుండ్రటి వింగ్. ఏం చెప్పాలె, గాలి నింపితే పక్కటెముకల మీద ఏమీ లేదు! క్రాచ్ స్ట్రాప్ మొదటి ఐదు నిమిషాలు కొత్తగ అనిపించింది, తర్వాత అది ఉన్నదన్నదే యాదికి లేదు. ఏం పట్టుకోకుండ అడ్డంగ పండుకొని నిలబడగలిగిన. సిలిండర్ ఒక్క ఇంచు కూడ దొర్లలేదు.

రెండు బాధలున్నయి. మెడ పైకెత్తితే తల వెనక రెగ్యులేటర్‌కు తగులుతున్నది. ప్లేట్ కింది అంచు తుంటి మీద, వెన్ను చివర గుచ్చుకుంటున్నది. పైకి గుంజితే మెడకు, కిందికి దించితే తుంటికి.

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
మొదటిది సులువు. సిలిండర్‌ను బెల్టుల్ల రెండు మూడు ఇంచులు కిందికి దించు. బెల్టులు తడిపి బిగించు, నైలాన్ తడిస్తే కొంచెం సాగుతది, పొడిగ బిగిస్తే నీళ్లల్లకు పోయినంక వదులైతది. దించినంక వాల్వ్ చేతికి అందుతున్నదా చూసుకో, అందకుండ దించొద్దు.

రెండోది ప్లేట్ పొడుగు. నీ వీపు పొట్టి, ఆ ప్లేట్ నీది కాదు. పొట్టి వీపు ఉన్నోళ్లకు చిన్న ప్లేట్లు వస్తయి, బోల్టుల దూరం అదే 11 ఇంచులుంటది, పైనా కిందా కోసినట్టుంటది. అది తీసుకో.

మిర్యాలగూడ_లేత్
ఇగ నేను చేసేదే మేలు కదా, వీపు కొలిచి ఎంత పొడుగు కావాల్నో అంతే కోస్త.

దేవరకొండ_రాయుడు
పక్కటెముకల మాట నిజమే అన్నమాట. నాకు జాకెట్ సుఖమే, అయినా మా ఇంటామె కూడ ఇదే బాధ చెప్తది, ఆమెతోని ఒకసారి పూల్ల ఏపిస్త. ఆ అక్క సెట్ కిరాయికిస్తదా?

నీలగిరి_నీటిపిట్ట
అడిగి మెసేజ్ చేస్త అన్నా.

పాలమూరు_మస్కట్
ఇప్పుడు చెప్పు, స్టీలా అల్యూమినియమా?

నీలగిరి_నీటిపిట్ట
చిన్న ప్లేట్, అల్యూమినియం. పూల్ల వింగ్ల గాలి మొత్తం తీసి, నిండు సిలిండర్‌తో స్టీల్ ప్లేట్ మీద పైకి రావాలని తన్ని చూసిన. వచ్చిన గాని పూల్ లోతు ఎంత? పద్దెనిమిది మీటర్ల నుంచి అంటే నాకు ధైర్యం లేదు. అల్యూమినియం మీద కిలో సీసం వెనక సిలిండర్ బెల్ట్‌కు, కిలో నడుం జేబుల. లగేజీకి కూడ ఇదే మంచిది, వింగ్, ప్లేట్, పట్టీలు, రెగ్యులేటర్, సూట్, ఫిన్లు అన్నీ కలిపి తూకం ఏస్తె పదిహేను లోపల పడ్తయి, బట్టలకు జాగ మిగులుతది. సీసం అక్కడనే ఇస్తరు.

పాలమూరు_మస్కట్
స్టీల్ తీసుకుంటే ఆ రెండు కిలోల సీసం కోసం ఎవరినీ అడిగే పని ఉండదు, నేనింకా అదే అంట. కాని తన్ని చూసుకొని తీసుకున్న నిర్ణయం, దానికి ఎదురు లేదు. మంచి పని చేసినవ్ చెల్లె.

హుజూర్‌నగర్_హరి
డైవ్ అయినంక వింగ్ ఎట్ల కడగాలె? బయట నీళ్లు పోస్తె చాలా?

బల్మూరు_పెద్దాయన
బయట చాలదు బిడ్డా. గాలి వదిలేటప్పుడు లోపలికి ఉప్పునీళ్లు పోతయి, ఎండితే ఉప్పు పలుకులై సంచిని లోపలికెంచి గీకుతయి, వాల్వ్ దగ్గర పేరుకుంటే మూసుకోదు, మెల్లగ గాలి కారుతది. ఇన్‌ఫ్లేటర్ (గాలి నింపే గొట్టం) నోటి దగ్గర మంచినీళ్లు పోసి, కొంత గాలి ఊది, అటు ఇటు కుదిపి, తలకిందులు చేసి కింది వాల్వ్ తాడు గుంజి మొత్తం పారబొయ్యి. రెండుసార్లు చెయ్యి. ఎండల ఆరెయ్యొద్దు, నీడల తగిలించి సగం గాలితోని పెట్టు, లోపలి పొరలు అతుక్కోవు. మన పాలమూరు ఎండల మే నెలల డాబా మీద పెడితే ఇంక ఆ వింగ్ సంగతి మర్చిపో.

నీలగిరి_నీటిపిట్ట
మిర్యాలగూడ అన్నా, చిన్న ప్లేట్ డ్రాయింగ్ మీకు పంపుత, మూడు మిల్లీమీటర్ల అల్యూమినియంల చేస్తరా? ఏ రకం అల్యూమినియం?

కల్వకుర్తి_ఇన్‌స్ట్రక్టర్
6061 కంటె 5083 మేలు, అది పడవలకు వాడేది, ఉప్పునీళ్లకు బాగ తట్టుకుంటది, మలిచినా పగలదు. అల్యూమినియం స్టీల్ అంత గట్టిది కాదు కాబట్టి మూడు కాదు, నాలుగు మిల్లీమీటర్లు పెట్టించు. స్టెయిన్‌లెస్ బోల్టుల కింద నైలాన్ వాషర్లు ఏసుకో, లేకపోతే రెండు లోహాలు తగిలిన చోట ఉప్పునీళ్లల్ల అల్యూమినియం తెల్లగ పొడైతది.

మిర్యాలగూడ_లేత్
5083 దొరకడానికి పది దినాలు పడ్తది. డ్రాయింగ్ పంపు బిడ్డా, ముందు అట్టముక్క మీద కోసిస్త, వీపుకు పెట్టి చూసుకో, సరిపోతే అప్పుడు లేజర్‌కు ఇద్దాం.